బెంగళూరు నుంచి బర్మింగ్‌హామ్‌కి ముస్తాంగ్: ఉద్యోగానికి వెళ్తూ స్పోర్ట్స్ కారుని వెంట తీసుకెళ్ళాలంటే

వైట్‌ఫీల్డ్‌లో మా పాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉన్నాను. అక్కడ ఎవరికి విదేశంలో ఉద్యోగం వచ్చినా, వాళ్ళ పార్కింగ్‌లో కాస్త మంచి కారుంటే చాలు, రెండో రోజుకల్లా నాకు మెసేజ్ వస్తుంది. "అన్నా, నీ ముస్తాంగ్ ఎలా పంపించావ్?" ఒక్కొక్కరికీ మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నాను. నాది 2017 మోడల్ ఫోర్డ్ ముస్తాంగ్, 5 లీటర్ల వీ8, హైదరాబాద్‌లో రిజిస్టరైన టీఎస్ 09 బండి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్ళు బెంగళూరు స్పీడ్ బ్రేకర్ల మీద దాని పొట్ట గీకించాను. ఇప్పుడది బర్మింగ్‌హామ్‌లో మా ఇంటి ముందు వానలో తడుస్తోంది.

ఓడ ఎక్కించడం ఎలా, ఏ ఏజెంటు మంచోడు, ఎంతవుతుంది అని అడుగుతారు అందరూ. అది చివర్లో వచ్చే తలనొప్పి. డబ్బులిస్తే రోడ్డు రోలరైనా ఓడెక్కుతుంది. దిగాక అక్కడి ప్రభుత్వం దానికి నంబరు ఇస్తుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. అది తేలకుండా ప్యాకర్స్ వాళ్ళకి ఫోన్ కూడా చేయకండి, ఎందుకంటే వాళ్ళు "అయిపోద్ది సార్" అనే అంటారు, వాళ్ళ పని కంటైనర్ పంపడం వరకే కాబట్టి.

మీరు వెళ్ళే దేశం ఏది?

అమెరికా అయితే ఇక్కడే ఆపేయండి. అక్కడి భద్రతా ప్రమాణాలకు తయారు కాని కారుకి 25 ఏళ్ళు నిండితే తప్ప శాశ్వతంగా దిగుమతి చేసుకోనివ్వరు. ముస్తాంగ్ పుట్టింది మిషిగన్‌లోనే కదా, పుట్టింటికి వెళ్తుంటే అడ్డేంటి అని నేనూ జోకులేశాను. మన దేశానికి పంపిన కుడి స్టీరింగ్ బండి వేరే ప్రమాణాలకు కట్టింది, పుట్టిన ఊరు చూసి ఎవరూ వదలరు. కెనడాలో ఆ గడువు 15 ఏళ్ళు. దుబాయ్, అబుధాబి వాళ్ళు కుడి స్టీరింగ్ కారుని రిజిస్టర్ చేయరు, అక్కడితో ఆ కథ ముగిసింది.

సింగపూర్‌లో స్టీరింగ్ మన వైపే. కానీ మూడేళ్ళు దాటిన పాత కారుని రానివ్వరు, రానిచ్చినా 10,000 సింగపూర్ డాలర్ల సర్‌చార్జి, ఖరీదైన కార్ల మీద శ్లాబుల్లో 320 శాతం దాకా వెళ్ళే అదనపు రిజిస్ట్రేషన్ ఫీజు, వీటన్నిటిపైన పదేళ్ళు తిప్పుకోడానికి వేలంలో కొనాల్సిన సీఓఈ అనే అనుమతి పత్రం. ఆ సీఓఈ ఒక్కటే లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. అంత డబ్బుంటే మీరు ఇది చదవరు.

జర్మనీ కుదురుతుంది, కాస్త కష్టపడాలి. ఆరు నెలలు సొంతంగా వాడుకున్న కారుని ఇల్లు మారే సామానుగా తీసుకెళ్తే సుంకం ఉండదు, లేదంటే 10 శాతం సుంకం, దాని మీద 19 శాతం వ్యాట్. కుడి స్టీరింగ్ నిషేధం కాదు గానీ మన హెడ్‌లైట్ల వెలుగు ఎడమ అంచుకి వాలుతుంది, అక్కడ కుడివైపుకి వాలాలి, అంటే లైట్లు మార్చాలి. ఆ తర్వాత ఇంజనీరు బండిని విడిగా పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఆస్ట్రేలియాకి వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: దిగుమతి అనుమతి చేతికొచ్చాకే ఓడెక్కించాలి, ఎక్కించి అప్లై చేస్తానంటే కుదరదు. సుంకం, జీఎస్‌టీ, ఖరీదైన కారైతే వాళ్ళు పెట్టిన పరిమితి దాటిన విలువ మీద 33 శాతం లగ్జరీ కార్ ట్యాక్స్. ఆస్‌బెస్టాస్ ఎక్కడా ఉండకూడదు, బ్రేక్ ప్యాడ్లలో, గ్యాస్కెట్లలో కూడా. చక్రాల సందుల్లో మట్టి కనిపిస్తే వాళ్ళే కడిగించి బిల్లు మీకు పంపుతారు.

మిగిలింది బ్రిటన్. అదే ఎడమ ట్రాఫిక్, అదే కుడి స్టీరింగ్, హెడ్‌లైట్లు కూడా మార్చక్కర్లేదు. మా కంపెనీ నన్ను ఆమ్‌స్టర్‌డామ్ పంపి ఉంటే ఈ పాటికి కారు అమ్మేసి ఉండేవాడిని. ఇక్కణ్ణుంచి చెప్పేదంతా బ్రిటన్ దారి.

మధ్యలో ఓ చేదు లెక్క

చేసే ముందు ఇది కూడా చదవండి. ముస్తాంగ్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడు పూర్తిగా తయారై వచ్చిన బండి. అప్పట్లో 3,000 సీసీ దాటిన పెట్రోల్ ఇంజను ఉన్నా, 40,000 డాలర్ల ఖరీదు దాటినా 100 శాతం కస్టమ్స్ సుంకం. దాని మీద మిగతా పన్నులు, లైఫ్ ట్యాక్స్. మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఆ సుంకం మీ ధరలో కలిసే ఉంది. ఆ కారుని దేశం దాటించగానే సుంకం కింద పోయిన ఆ డబ్బు నీళ్ళలో కలిసినట్టే, ఎందుకంటే బ్రిటన్‌లో ఆ సుంకమే లేకుండా అమ్మిన ముస్తాంగ్‌లు బోలెడు. లెక్క ప్రకారం బెంగళూరులో అమ్మేసి అక్కడ అలాంటిదే కొనుక్కోవాలి, కొంత మిగులుతుంది కూడా. పది మంది అడిగితే ఎనిమిది మందికి నేను చెప్పే సలహా అదే.

మరి నువ్వెందుకు తీసుకెళ్ళావ్ అంటే నా దగ్గర లెక్కలో ఇమిడే జవాబు లేదు. మా నాన్న ముందు సీట్లో కూర్చుని కదిరి నరసింహస్వామి గుడి దాకా ఒక్కసారి వచ్చారు, దారంతా సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు. అమ్మాలని ఒకసారి బేరం పెట్టాను, కొనేవాడు టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్తుంటే కడుపులో దేవినట్టయింది. అంతే. మీకూ అలాంటి పిచ్చి ఉంటేనే ముందుకు చదవండి.

ఆరు నెలలు, పన్నెండు నెలలు

బ్రిటన్‌లో ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అని ఒక మినహాయింపు ఉంది. మీరు కనీసం 12 నెలలు బ్రిటన్ బయట ఉండి ఉండాలి, ఆ కారు కనీసం 6 నెలలుగా మీదై, మీరు వాడుతూ ఉండాలి, అక్కడికి తెచ్చాక 12 నెలలు అమ్మకూడదు, అద్దెకో అరువుకో ఇవ్వకూడదు. ఇవి సరిపోతే సుంకమూ లేదు, వ్యాటూ లేదు. సరిపోకపోతే ఎంత పడుతుందో చూడండి: కారుకి రవాణాతో కలిపి 35,000 పౌండ్ల విలువ కట్టారనుకుందాం, 10 శాతం సుంకం 3,500, రెండూ కలిపిన 38,500 మీద 20 శాతం వ్యాట్ 7,700. మొత్తం 11,200 పౌండ్లు. ఒక కాగితానికి అంత విలువ.

అందుకే, ఆఫర్ వచ్చాక "ఎలాగూ వెళ్తున్నాం కదా, ఇక్కడో మంచి కారు కొని తీసుకెళ్దాం" అనే ఆలోచన పెట్టుకోకండి. నా కొలీగ్ ఒకతను ప్రయాణానికి రెండు నెలల ముందు కొన్నాడు, ఆరు నెలలు నిండక దాన్ని వాళ్ళ బావకి వదిలేసి వెళ్ళాడు. ఇప్పుడు బావ మహా ఖుషీగా ఉన్నాడు.

ఈ మినహాయింపుకి ఆన్‌లైన్లో మీరే అప్లై చేయాలి, బెంగళూరులో ఉండగానే చేయొచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఇక్కడ ఉన్నట్టు రుజువు, అక్కడ ఉండబోయే చిరునామాకి రుజువు, కారు ఛాసిస్ నంబరు, ఆర్‌సీ, పాత ఇన్సూరెన్స్ పాలసీలు పెట్టండి. నేను సర్వీసు బిల్లులు కూడా పెట్టాను, వాడుతున్నానని చూపించడానికి అంతకన్నా మంచివి లేవు. ఒప్పుకుంటే ఒక రిఫరెన్స్ నంబరు పంపుతారు. ఆ నంబరు లేకుండా కంటైనర్ అక్కడి రేవుకి చేరితే రోజుకింత అని డెమరేజ్ పడుతూనే ఉంటుంది. నాకు మూడు వారాల పైనే పట్టింది, కాబట్టి నంబరు రాకముందు ఓడ బుక్ చేయకండి. మీరు చేరిన 12 నెలల లోపు సామాను వస్తే సరిపోతుంది, కాబట్టి మీతోపాటే కారు దిగాలన్న కంగారు అక్కర్లేదు.

ఆర్‌సీ: నేను మూడు వారాలు పోగొట్టుకున్న చోటు

ఆర్‌సీ బయటికి తీసి, పాస్‌పోర్టు పక్కన పెట్టి, అక్షరం అక్షరం చదవండి. ఇప్పుడే. మనవాళ్ళకి ఇంటిపేరుతో ఎప్పుడూ ఉండే గొడవే ఇది. ఆర్‌సీలో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, అదీ ఇంటిపేరు చివర్లో. మన ఊళ్ళో ఎవరికీ పట్టదు, లండన్లో కూర్చున్న క్లర్కుకి మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. తేడా ఉంటే ముందు ఆర్‌సీలో సరిచేయించండి. కంపెనీ లీజు కారైతే ఆర్‌సీ కంపెనీ పేరు మీద ఉంటుంది. అది మీ పేరుకి మారి, ఆరు నెలలు గడిచాకే మిగతా ఆలోచన.

తర్వాత ఛాసిస్ నంబరు. విండ్‌షీల్డ్ కింద డాష్‌బోర్డు మూలన చిన్న పట్టీ మీద 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి, బయటి నుంచే చదవొచ్చు. ఫోన్ టార్చి వేసి ఫొటో తీసి ఆర్‌సీతో పోల్చండి. నా ఆర్‌సీలో ఒకచోట సున్నా బదులు ఇంగ్లిష్ 'ఓ' అక్షరం టైపయింది. మొదటి యజమాని చూసుకోలేదు, నేను చూసుకోలేదు, నాలుగేళ్ళు ఇన్సూరెన్స్ వాళ్ళూ చూసుకోలేదు. చెన్నై పోర్టులో కస్టమ్స్ తనిఖీ చేసే అధికారి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పట్టీ దగ్గరికి వంగి, ఒక్కో అక్షరం మీద పెన్ను పెట్టుకుంటూ వచ్చి సరిగ్గా అక్కడ ఆగాడు. ఛాసిస్ నంబర్లలో 'ఐ', 'ఓ', 'క్యూ' అక్షరాలు అసలు వాడరట, ఒకటితో, సున్నాతో కలిసిపోతాయని. ఆ సంగతి ఆయనే చెప్పాడు, తమిళం, ఇంగ్లిష్ కలిపి, చాలా మర్యాదగా, చెప్పి ఫైలు మూసేశాడు. కారు వెనక్కి. హైదరాబాద్ వెళ్ళి దిద్దించుకొచ్చేసరికి బుక్ చేసిన ఓడ వెళ్ళిపోయింది.

హైదరాబాద్ ఎందుకంటే, బండి ఎక్కడ రిజిస్టరైతే అక్కడి ఆర్టీఏ ఆఫీసుకే వెళ్ళాలి. బెంగళూరులో మన తెలుగువాళ్ళ కార్లు సగం ఏపీ, టీఎస్ ప్లేట్లతోనే ఏళ్ళకేళ్ళు తిరుగుతుంటాయి. కర్ణాటకలో ఏడాది దాటితే ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలన్న సంగతి అందరికీ తెలుసు, పట్టుకునేదాకా ఎవరూ కట్టరు. ఖరీదైన కార్లనే ఏరి ఆపుతున్నారు కూడా. ఆ బకాయిల గోల ఏదైనా ఉంటే ముందు తేల్చుకోండి. రెండు రాష్ట్రాల్లో చలాన్లు కట్టేయండి. సగం రాయితీ ప్రకటిస్తారేమో అని ఎదురుచూసే బెంగళూరు అలవాటు ఈసారికి పక్కన పెట్టండి.

లోనుంటే తీర్చేసి, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, సంతకం పెట్టిన ఫారం 35 రెండు కాపీలు తీసుకుని ఆర్‌సీలో హైపోథికేషన్ తీయించాలి. లోను తీరింది కదా అని ఊరుకుంటే ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. దొంగ బండి కాదని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఇచ్చే రిపోర్టు ఆన్‌లైన్లో నిమిషాల్లో వస్తుంది, ప్రింటు తీసి పెట్టుకోండి. ఆ తర్వాత దేశం బయటికి తీసుకెళ్తున్నానని ఆర్టీఏలో అర్జీ పెట్టి ఎన్‌ఓసీ. ఒరిజినల్ ఆర్‌సీ కార్డుని మాత్రం ఏ టేబుల్ దగ్గరా వదలొద్దు, బ్రిటన్‌లో రిజిస్టర్ చేయడానికి వాళ్ళు అడిగేది ఒరిజినలే. డిజీలాకర్ చూపిస్తే నవ్వుతారు.

కార్నెట్ (కారుని తాత్కాలికంగా దేశం బయటికి తీసుకెళ్ళే పత్రం) అని ఇంకో దారి గురించి ఎవరైనా చెప్పి ఉంటారు. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ బ్యాంకు గ్యారంటీ లాంటి పూచీ తీసుకుని ఇస్తుంది, ఏడాది లోపు కారు తిరిగి రావాలి. బెంగళూరు నుంచి లండన్‌కి రోడ్డు మీద వెళ్ళే సాహసవీరులకి అది బావుంటుంది. ఉద్యోగంతో కాపురం మార్చేవాళ్ళకి పనికిరాదు.

ఓడరేవు దాకా

బెంగళూరులో సముద్రం లేదు కానీ వైట్‌ఫీల్డ్‌లో ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో ఉంది. కంటైనర్ అక్కడే నింపి, కస్టమ్స్ తనిఖీ అక్కడే ముగించి, సీలు వేసి రైల్లో చెన్నై పోర్టుకి పంపొచ్చు. లేదంటే కారుని ఫ్లాట్‌బెడ్ మీద హోసూరు, కృష్ణగిరి, వేలూరు దారిలో చెన్నై చేర్చి అక్కడ నింపడం. నేను మొదటిసారి ఈ రెండో దారే పట్టి, పైన చెప్పిన ఛాసిస్ నంబరు దగ్గర బోల్తా పడి, కారుని మళ్ళీ 350 కిలోమీటర్లు వెనక్కి తెచ్చుకున్నాను. రెండోసారి వైట్‌ఫీల్డ్‌లోనే నింపించాను. బెంగళూరు వాళ్ళు మీ ఊళ్ళోనే చేయించుకోండి, కాగితంలో తేడా వస్తే సాయంత్రానికి కారు మన పార్కింగ్‌లో ఉంటుంది.

షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) వేయడానికి కస్టమ్స్ బ్రోకర్ కావాలి, అందరూ పాత అలవాటుగా సీహెచ్‌ఏ అనే అంటారు. సొంత వాడకానికి పంపే సామానుకి ఎగుమతి కోడ్ అవసరం లేదు, ఎవరైనా అది తీయిస్తామని డబ్బులడిగితే ఎందుకని అడగండి. చెన్నైలో ఈ బ్రోకర్లంతా ప్యారీస్, రాజాజీ సాలై చుట్టుపక్కల కస్టమ్స్ హౌస్ నీడలోనే ఉంటారు. నాకు దొరికినాయన నెల్లూరు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. మొదటి ఫోన్లో కారు మోడల్ అడగలేదు, "బాబూ, పాస్‌పోర్టులో పేరు ఎట్టా ఉంది, ఆర్‌సీలో ఎట్టా ఉంది?" అని అడిగాడు. అలా అడిగేవాణ్ణి పట్టుకోండి. (ఛాసిస్ నంబరు కూడా అడిగి ఉంటే ఇంకా బావుండేది అని తర్వాత ఆయనతోనే అన్నాను. "అది నువ్వు చూసుకోవాల గదా" అన్నాడు.)

కోట్ తీసుకునేటప్పుడు సముద్రం ఖర్చు ఒక్కటే చూడకండి. ఇక్కడ నింపే ఖర్చు, కట్టే ఖర్చు, రైలు, పోర్టు చార్జీలు, అక్కడి రేవు చార్జీలు, కంటైనర్ ఖాళీ చేసే ఖర్చు, ఇవన్నీ కలిపి రాసివ్వమనండి. తక్కువ చెప్పినవాడు అక్కడి ఖర్చులు దాచి ఉంటాడు.

కంటైనర్లోకి

కార్లను నడిపి ఎక్కించే రో-రో ఓడలు చెన్నై నుంచి, ఎన్నూరు నుంచి వెళ్తాయి, ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్లు అలాగే ఎగుమతి అవుతాయి. అందులో మీ తాళం పది చేతులు మారుతుంది. స్పోర్ట్స్ కారుకి నా ఓటు 20 అడుగుల కంటైనర్‌కే, తలుపు మూసి సీలు వేస్తే అవతలి దాకా ఎవరూ ముట్టుకోరు.

లోపల పొడవు 5.9 మీటర్లు, ముస్తాంగ్ 4.78, ఇబ్బంది లేదు. వెడల్పు దగ్గరే చిక్కు. కంటైనర్ లోపల సుమారు 2.35 మీటర్లు, కారు 1.92. మొత్తం మిగిలేది 43 సెంటీమీటర్లు. సరిగ్గా మధ్యలో నిలిపితే రెండు వైపులా 21, ఏ తలుపూ తెరుచుకోదు, లోపలికి నడిపినవాడు బయటికి రాలేడు. అందుకే అద్దాలు రెండూ మడిచి ఎడమ గోడకి ఆనుకుంటుందా అన్నట్టు నడుపుతారు, ఎడమవైపు అరచేయి పట్టేంత చోటు, మిగిలిందంతా కుడివైపు. మా కారు నడిపిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి, పుల్లలా ఉన్నాడు, ఆ ఉద్యోగానికి అదే అర్హతేమో. తలుపు అంచుకి నేను తెచ్చిన యోగా మ్యాట్ ముక్క చుట్టాను. వాడు ఇంజనాపి, బెల్టు తీసి, ఊపిరి బయటికి వదిలేసి, ముందు కాలు, తర్వాత భుజం, చివరికి తల, పక్కవాటుగా జారి బయటికొచ్చాడు. చొక్కా గుండీ పెయింటుకి తగులుతుందని ముందే చొక్కా విప్పేశాడు. నేను చెప్పకుండానే. వాడికి ఐదొందలు ఎక్కువిచ్చాను, మీరూ ఇవ్వండి.

ముందు భాగం కిందికుండే కార్లకి ర్యాంపు దగ్గరే ప్రమాదం. వాలు ఎక్కువుంటే ముందు బంపరు కింది అంచు నేలకి తగులుతుంది, లేదా మధ్యలో పొట్ట ఆనుతుంది. ర్యాంపు మొదట్లోనూ చివర్లోనూ చెక్క పలకలు వేసి వాలు తగ్గించమనండి, పలకలు వాళ్ళ దగ్గర లేకపోతే ఆ రోజు నింపొద్దు. ఫ్లాట్‌బెడ్ ట్రక్కు పైభాగాన్ని కంటైనర్ నేల ఎత్తుకి తెచ్చి నేరుగా లోపలికి నడిపించడం అన్నిటికన్నా మేలు. లోపల నేల చెక్కదే, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి మేకులు కొడతారు. కట్టే పట్టీలు చక్రాల మీదుగా పోవాలి, సస్పెన్షన్ ఆర్మ్‌లకి కట్టనివ్వకండి.

పెట్రోలు పావు ట్యాంకు లోపే ఉంచండి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి, అలారం ఆపేయండి. డిక్కీలో ఆవకాయ జాడీలు, ప్రెషర్ కుక్కరు పెట్టాలని ఇంట్లో ఒత్తిడి వస్తుంది. పెట్టొద్దు. డిక్లరేషన్‌లో లేని వస్తువు ఒక్కటి కనిపించినా కారుతో పాటు అదీ ఆగుతుంది. ఫాస్టాగ్ పీకేసి ఖాతా మూయించండి. కారు చుట్టూ వీడియో తీయండి, కిలోమీటర్ల రీడింగు, చక్రాల రిమ్ములు, కింది భాగంతో సహా. సీలు నంబరు ఫొటో తీసుకోండి.

మన మోటార్ పాలసీ సముద్రంలో పనిచేయదు. మెరైన్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. చవకది కొంటే ఓడ మునిగితేనో కాలిపోతేనో తప్ప పైసా రాదు, గీతలూ సొట్టలూ కూడా కవరయ్యే ఆల్ రిస్క్ పాలసీనే అడగండి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలెట్టాయి, ప్రయాణం పది రోజులు, రెండు వారాలు పెరిగింది. మీ ఓడ ఏ దారిలో వెళ్తుందో బుకింగ్ అప్పుడే అడగండి. రోజూ యాప్‌లో ఓడ ఎక్కడుందో చూసుకోవడం మాత్రం మొదలెట్టకండి. నా కంటైనర్ కొలంబోలో ఓడ మారే దగ్గర తొమ్మిది రోజులు కదల్లేదు, ఆ తొమ్మిది రోజులూ నా భార్య నాతో సరిగ్గా మాట్లాడలేదు.

దిగాక

కారు చేరిన 14 రోజుల లోపు అక్కడి పన్నుల శాఖకి నోవా అనే నోటిఫికేషన్ వెళ్ళాలి. ఏజెంటు చేస్తాడా మీరు చేయాలా అన్నది ముందే తేల్చుకోండి. అది లేకుండా రిజిస్ట్రేషన్ కదలదు.

తర్వాత ఐవీఏ, అంటే కారు బ్రిటన్ ప్రమాణాలకి సరిపోతుందా అని విడిగా చూసే పరీక్ష. కారు వయసు పదేళ్ళు దాటితే ఇది అక్కర్లేదు, ఎంఓటీ (అక్కడి ఫిట్‌నెస్ పరీక్ష) చాలు. మన దేశంలో 2016లో రోడ్డెక్కిన తొలి ముస్తాంగ్‌లకి 2026తో పదేళ్ళు. మీ కారు తొమ్మిదిన్నరలో ఉంటే ఓ ఆరు నెలలు బెంగళూరులోనే కవరు కప్పి ఉంచండి, బోలెడు కర్చు, టెన్షన్ తప్పుతాయి. నాకా అదృష్టం లేదు. స్పీడోమీటర్ మైళ్ళలో చదవగలిగేలా ఉండాలి, మనది కిలోమీటర్లది కాబట్టి డయల్ మార్పించాను. వెనక ఫాగ్ ల్యాంప్ ఉండాలి, అది మధ్యలోనో కుడివైపో ఉండాలి. బెంగళూరులో సరదాకి వేసుకున్న లౌడ్ ఎగ్జాస్ట్, స్మోక్ లైట్లు, వెడల్పు టైర్లు ఉంటే ఓడెక్కే ముందే కంపెనీవి తిరిగి బిగించండి, బ్రిటన్‌లో ఫెయిలయ్యాక పార్టు కోసం వెతకడం కన్నా జేసీ రోడ్డులో బిగించుకుని రావడం నయం. మూడేళ్ళు దాటిన కారుకి ఎంఓటీ కూడా కావాలి. నంబరు లేని కారుని ముందుగా బుక్ చేసిన పరీక్షకి నడుపుకుంటూ వెళ్ళొచ్చు, ఛాసిస్ నంబరు మీద ఇన్సూరెన్స్ ఉంటే. నేను మాత్రం రేవు నుంచి ఇంటికి ట్రక్కు మీదే తెప్పించాను.

ఇవన్నీ చేతికొచ్చాక వీ55/5 ఫారం నింపి, ఒరిజినల్ ఆర్‌సీ, ఐవీఏ, ఎంఓటీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కాగితాలు, 55 పౌండ్ల ఫీజు, రోడ్డు ట్యాక్స్ జతచేసి అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకి పోస్టులో పంపాలి. అవును, పోస్టులోనే. రిజిస్టర్డ్ పోస్టుకి డబ్బులు పెట్టండి, ప్రతి కాగితం స్కాన్ చేసుకోండి.

ఇన్సూరెన్స్ రేటు విని గుండె పట్టుకోవద్దు. మన లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన 12 నెలలు నడపొచ్చు, ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాలి, మార్చిచ్చే పద్ధతి మన దేశానికి లేదు. ఆటోమేటిక్‌లో టెస్ట్ ఇస్తే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. మన ముస్తాంగ్ ఎలాగూ ఆటోమేటిక్కే. మన పాలసీ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటరు ఇంగ్లిష్‌లో, లెటర్‌హెడ్ మీద తీసుకెళ్ళండి. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు, ఒక్కటి ఒప్పుకున్నా లాభమే. నాకు నాలుగో కంపెనీ ఒప్పుకుంది.

చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కింది భాగానికి తుప్పు. అక్టోబరులోనే అండర్‌బాడీ కోటింగ్ వేయించండి.

ఇంకొకటి, ఎవరూ అడగరు కానీ చెప్తాను. మన దేశంలో వేసిన షిప్పింగ్ బిల్లు పారేయకండి. రేపు ఉద్యోగం ముగిసి కారుతో సహా తిరిగి రావాలనుకుంటే, ఇది మన దేశం నుంచే వెళ్ళిన బండి అని చూపించేది అదొక్కటే, దానికి మూడేళ్ళ గడువు ఉంటుంది. అది చూపలేకపోతే విదేశీ పాత కారు కిందే లెక్క, దాని మీద పన్ను కారు విలువ కన్నా ఎక్కువ. నా కాపీ అనంతపురంలో మా అమ్మ బీరువాలో, పొలం పాస్‌బుక్కుల కవర్లో ఉంది. లామినేషన్ చేయించనా అని అమ్మ మొన్న ఫోన్లో అడిగింది, వద్దన్నాను.